ఎర్రగడ్డలో మంచం ఉంది, చూసుకునేవాళ్లకు సెలవు లేదు

హైదరాబాద్‌లో ఫిల్మ్‌నగర్ నుంచి ఎర్రగడ్డకు పెద్ద దూరమేమీ లేదు. అయినా మన సినిమా డైలాగుల్లో ఎర్రగడ్డ పేరు ఎక్కువగా జోకుగానే వినిపిస్తుంది. ఆ జోకుకు నవ్వలేనివాళ్లను చూడాలంటే అక్కడి మానసిక ఆరోగ్య సంస్థ ఓపీకి వెళ్లాలి. కొడుకు చెయ్యి వదలకుండా కూర్చున్న తల్లులు, మందుల చీటీలు కవర్లో సర్దుకుంటున్న అన్నదమ్ములు అక్కడ కనిపిస్తారు. నిజాం కాలంలో జాల్నాలో ఉన్న ఈ ఆసుపత్రి 1953లో ఎర్రగడ్డకు వచ్చింది. ఇప్పుడు 600 పడకలు. రోగికి మంచం ఉంది, మందు ఉంది. రోగిని చూసుకునేవాళ్లకు ఏడాదిలో ఎన్ని రోజులు సెలవు?

చాలా దేశాల్లో దీనికి ఏర్పాటు ఉంది. రెస్పైట్ కేర్ అంటారు. కొన్ని గంటలో కొన్ని వారాలో వేరొకరు బాధ్యత తీసుకుంటే, ఇంటివాళ్లు కంటినిండా నిద్రపోతారు, ఊరికి పోయి పెళ్లి చూసొస్తారు, తమ ఆపరేషన్ తాము చేయించుకుంటారు.

ఎంతమందికి అవసరమో చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ ప్రాంతంలో వికలాంగులు 10.46 లక్షలు. 2018 జాతీయ శాంపిల్ సర్వే ప్రకారం, దేశంలో ప్రతి 100 మంది వికలాంగుల్లో 62 మందికి దగ్గరుండి చూసుకునే మనిషి ఉన్నారు. ఈ రెండూ గుణిస్తే తెలంగాణలో అలాంటివాళ్లు సుమారు 6.5 లక్షల మంది. ముతక లెక్కే, కానీ చిన్న సంఖ్య కాదు. ఎక్కువ భారం ఎవరిదో 2019 కాల వినియోగ సర్వే చెప్పింది. ఇంట్లోవాళ్ల ఆలనాపాలనా చూసే ఆడవాళ్లు రోజుకు సగటున 134 నిమిషాలు వెచ్చిస్తే, మగవాళ్లు 76 నిమిషాలు. అందులో చంటిపిల్లల పనీ కలిసే ఉంది. స్కిజోఫ్రెనియా ఉన్న కొడుకు రాత్రి తలుపు తీసుకుని వెళ్లిపోతాడేమోనని కాపు కాసే తల్లికి నిమిషాల లెక్క ఎక్కడిది?

అసలు చిక్కు చట్టాల దగ్గర ఉంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం నాలుగు వైకల్యాలకే వర్తిస్తుంది: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం. తాత్కాలికంగా ఉంచుకుని చూసే 'సమర్థ్', పెద్దవాళ్లకు జీవితకాలం ఆశ్రయమిచ్చే 'ఘరౌందా', పగటిపూట చూసే 'వికాస్' పథకాలు ఈ ట్రస్టువే. మానసిక రోగం ఆ నాలుగింటిలో లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమేమో బుద్ధిమాంద్యాన్ని తన పరిధిలోంచి తీసేసింది. అలా బోయినపల్లి మనోవికాస్‌నగర్‌లోని బుద్ధిమాంద్యం ఉన్నవారి జాతీయ సంస్థకు వెళ్లే కుటుంబానికి కాగితం మీదైనా ఒక రెస్పైట్ పథకం ఉంది. ఎర్రగడ్డ ఓపీలో కూర్చున్న కుటుంబానికి ఆ కాగితమూ లేదు.

అందుకని చాలామంది 'నాలుగు రోజులు అడ్మిట్ చేసుకోండి సార్' అని డాక్టర్లను బతిమాలతారు. తప్పు పట్టలేం. కానీ రోగి తనంతట తాను చేరకపోతే 2017 చట్టం 89వ సెక్షన్ కింద చేర్చాలి. రోగి తరఫున నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తు ఇవ్వాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, తనకో ఇతరులకో హాని చేసే ప్రమాదమో, తనను తాను చూసుకోలేని స్థితో ఉందని తేలాలి. గడువు 30 రోజులు. ఆ తర్వాత పొడిగింపునకు 90వ సెక్షన్. అమ్మ అలసిపోయిందన్నది ఆ కారణాల్లో లేదు, ఉండకూడదు కూడా. ఒక మనిషిని ఇంకొకరి విశ్రాంతి కోసం ఆసుపత్రిలో పెట్టడం న్యాయం కాదు. తీసుకెళ్లేవాళ్లు లేరన్న ఒక్క కారణంతో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచరాదని 19వ సెక్షన్ చెబుతూ, హాఫ్‌వే హోమ్‌లు, గ్రూప్ హోమ్‌లు ఏర్పాటు చేసే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. లోటు ఆ హోమ్‌ల దగ్గరే.

డబ్బు సంగతి. తెలంగాణలో వికలాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలు. నెలకు 720 గంటలు కాబట్టి గంటకు అయిదున్నర రూపాయల పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 6,000. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000, అంటే గంటకు దాదాపు 21 రూపాయలు. ఇవన్నీ వైకల్యం ఉన్న మనిషికి ఇచ్చేవి. చూసుకునేవాళ్లకంటూ కేరళ 'ఆశ్వాసకిరణం' పేరుతో నెలకు 600 ఇస్తోంది, గంటకు 83 పైసలు. జర్మనీలో 2025 జూలై నుంచి, ఒక స్థాయికి మించి సంరక్షణ అవసరమైనవారి కుటుంబానికి ఏడాదికి 3,539 యూరోల వరకు ప్రత్యామ్నాయ సంరక్షణకే కేటాయించారు. ఎనిమిది వారాల దాకా వాడుకోవచ్చు.

మన చట్టంలోనూ దారి ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ 'కేర్‌గివర్ భత్యం' గురించి చెప్పింది, అధిక సహాయం అవసరమైనవారికి. అదే సెక్షన్ ముందుగా 'ఆర్థిక స్తోమత మేరకు' అని ఒక మాట వేసింది. ఆ మాట చాటునే ప్రభుత్వాలు కాలం గడుపుతున్నాయి.

అంతదాకా చేయగలిగినవి కొన్ని. వైకల్యాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ లేకపోతే ముందు అది తీసుకోండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకు దారి. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు, వికలాంగులైన ఇంటివాళ్లను చూసుకుంటున్నందుకు 75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 మినహాయింపు. నాలుగు వైకల్యాల్లో ఏదైనా ఉంటే 'నిరామయ' బీమా లక్ష వరకు ఉంది. చికిత్సకు, థెరపీకి పనికొస్తుంది, మీ విశ్రాంతికి కాదు. ఇల్లు నడవని స్థితి వచ్చినప్పుడు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. రోగి కోసమే కాదు, మీ కోసం కూడా చేయొచ్చు.