ఫొటోకు బ్యాక్‌గ్రౌండ్ ముఖ్యం.. అనంతగిరి మంచులో ముఖం నల్లబడుతోందా? తాండూరు బండ మీద ఆకు పెట్టి చూడండి!

వికారాబాద్ అనంతగిరి కొండలంటే హైదరాబాద్ వాళ్లకు వీకెండ్ ఫొటోల స్పాట్. పొద్దున్నే పైకెక్కి నిలబడతారు.. వెనకాల తెల్లటి మంచు, ఆకాశం. తీరా చూస్తే ముఖం నల్లగా! ఫోన్ పాడైందేమో అనుకోవద్దు. ఫ్రేమ్‌లో తెలుపు ఎక్కువైతే, వెలుగు ఎక్కువైందనుకుని ఫోన్ మొత్తం ఫొటోను చీకటి చేస్తుంది. నాలుగడుగులు పక్కకు జరిగి, నీడలో ఉన్న చెట్లు వెనక వచ్చేలా నిలబడితే ముఖం తేటగా వస్తుంది. అలాగని చెట్టుకు ఆనుకుని నిల్చోవద్దు. ఎనిమిది, పది అడుగులు ముందుకొస్తేనే ఆకులు మసకబారి మనిషి విడిగా కనిపిస్తాడు. మంచే కావాలంటారా? స్క్రీన్ మీద ముఖాన్ని నొక్కి, బ్రైట్‌నెస్ గీత పైకి జరపండి.

మొక్కల ఫొటో సంగతి వేరు. ఇక్కడ అందం కంటే అవసరం ఎక్కువ. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ పంటకు తెగులు వస్తే ఇప్పుడు చాలామంది రైతులు ముందు చేసే పని, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం. చేనులో ఆకుల మధ్య ఆకును తీస్తే పచ్చలో పచ్చ కలిసిపోతుంది. వెర్రి తెగులు సోకిన ఆకు చిన్నదై, లేత, ముదురు పచ్చ మచ్చలతో ఉంటుంది. ఆ తేడానే ఫొటోలో కనబడదు. చూసేవాళ్లు మాత్రం ఏం చెప్తారు?

దీనికి మందు తాండూరులో కాళ్ల కిందే ఉంది. బూడిద రంగు నాపబండ! కెమెరా వెలుగును లెక్కేసేది కూడా అలాంటి మధ్యస్థ బూడిద రంగును బట్టే. అందుకే దాని మీద ఆకు రంగు దాదాపు ఉన్నదున్నట్టు వస్తుంది. బండ పొడిగా, నీడలో ఉండాలి.. తడిస్తే మెరుస్తుంది. ఆకు పక్కన రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది. ఆకు వెనక వైపు కూడా ఒకటి తీయండి. పసుపు బండ మాత్రం వద్దు. ఎండలో దాని మీద కూర్చుని ఫొటో దిగితే గడ్డం కింద కూడా పసుపు పడుతుంది.

మారుకా పురుగు పూతను, ఆకులను దారాలతో గూడు కడితే తెంపాల్సిన పనిలేదు. వెనకాల నల్ల గొడుగు విప్పి పట్టుకుంటే తెల్లటి దారాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఎండు తెగులు అనుమానమైతే ఆకు చాలదు.. మొక్క మొదలు చీల్చి, లోపలి గోధుమ రంగు చారలు కనిపించేలా అదే బండ మీద పెట్టి తీయాలి.