డెస్పసితో: ఒక స్పానిష్ గీతపు జైత్రయాత్ర

2017వ సంవత్సరమున మే నెల మొదలు సెప్టెంబరు వరకు అమెరికా దేశపు బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో వరుసగా 16 వారములు ప్రథమస్థానమును విడువక నిలిచిన పాట, ఆ దేశమున అధికసంఖ్యాకులు మాటలాడు ఇంగ్లీషులో గాక స్పానిష్‌లో పుట్టినదగుట సంగీతవ్యాపార చరిత్రలో సామాన్య విషయము కాదు. ఆ పాట ‘డెస్పసితో’. 1996లో వచ్చిన ‘మకరేనా’ తరువాత, ఇరువది ఏండ్లకు పైగా, ప్రధానముగా స్పానిష్‌లో సాగు గీతమేదియు ఆ స్థానమును చేరియుండలేదు. 16 వారముల ఆధిపత్యము సైతము అంతకుముందు మరయా కేరీయు, బాయ్స్ టు మెన్ బృందమును కలిసి పాడిన ‘వన్ స్వీట్ డే’కు మాత్రమే దక్కినది.

ప్యూర్టోరికో ద్వీపమున జన్మించి, ప్రణయగీతములకు పేరొందిన లూయిస్ ఫోన్సి, పనామాలో జన్మించిన గీతరచయిత్రి ఎరికా ఎండర్‌తో కలిసి 2015లో మయామీలోని తన గృహమున ఈ పాటకు రూపకల్పన గావించెను. పిదప దానికి రెగ్గెటన్ లయ తోడైన బాగుండునని తలంచి, ఆ సంప్రదాయమున అగ్రగణ్యుడును, తన ద్వీపమువాడే అయిన డాడీ యాంకీని ఆహ్వానించెను. ఈ పాటను గూర్చి ముచ్చటించువారు గాయకుల పేర్లు చెప్పి ఊరకుందురు. పల్లవికి ప్రాణముపోసిన ఎండర్‌ను విస్మరించుట అన్యాయమని నా దృఢాభిప్రాయము.

2017 జనవరిలో వెలువడిన మూలగీతము లాటిన్ అమెరికా దేశములను త్వరలోనే ముంచెత్తినది. కాని హాట్ 100 పట్టికలో అది సగము మెట్ల వద్దనే తారాడుచుండెను. ఆ ఏప్రిల్‌లో కచేరీలకై కొలంబియాకు వచ్చిన కెనడా గాయకుడు జస్టిన్ బీబర్, అచటి నృత్యశాలలో జనము ఈ పాటకు ఊగిపోవుట చూచి, తానును పాడగోరి, కొలది దినములలోనే బొగొటాలో తన గళమును రికార్డు చేయించెను. పల్లవిని ఇంగ్లీషులోనికి మార్పక స్పానిష్‌లోనే పాడెను. ఏప్రిల్ 17న ఆతని గళము చేరిన ఆ రీమిక్స్ వెలువడినది. నెల తిరుగునప్పటికి పాట శిఖరమెక్కినది.

ఇందలి మర్మము పట్టికను కూర్చు విధానమున కలదు. పాట అమ్మకములు, రేడియో ప్రసారములు, ఇంటర్నెట్‌లో వినుకలి, ఈ మూడింటిని కలిపి బిల్‌బోర్డ్ స్థానమును నిర్ణయించును. అమెరికాలో నాలుగు కోట్లకు పైగా జనులు ఇండ్లలో స్పానిష్ మాటలాడుదురు. అయినను ఇంగ్లీషు పాటలు వినిపించు రేడియో కేంద్రములు స్పానిష్ గీతములను ప్రసారము చేయుట అరుదు. బీబర్ నామము ఆ తలుపులను తెరచినది. ఆతని దోహదమును తక్కువచేయుట నా ఉద్దేశము కాదు. అయినను ఆతడు తెచ్చినది తలుపు తాళపుచెవియే గాని ఇల్లు కాదు.

దీనికి తిరుగులేని నిదర్శనమొకటి కలదు. ఆ ఆగస్టులో ‘సీ యూ అగైన్’ అను పాట వీడియోను దాటి, యూట్యూబ్‌లో 300 కోట్ల వీక్షణములను అందుకొనిన మొట్టమొదటి వీడియోగా నిలిచినది మూలగీతపు వీడియో; సాన్ హువాన్ నగరపు పాతకోట గోడల వెలుపల, సముద్రపుటొడ్డున, పేదలు వసించు లా పెర్లా వాడలో చిత్రితమైన దానిలో బీబర్ లేడు. నవంబరులో లాటిన్ గ్రామీ సంగీత పురస్కారముల నిర్ణేతలును ఈ భేదమును పాటించి, సంవత్సరపు ఉత్తమ రికార్డు, ఉత్తమ గీతము అను గౌరవములను మూలగీతమునకే ఒసగిరి. కనుక ఈ పాటను వినగోరు పాఠకులు మొదట మూలగీతమును విని, పిదపనే రీమిక్స్‌ను వినవలెనని నా మనవి.