బంచరాయి వెల

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో పట్టాభూమి వెల యెంత యని యడిగిన రైతు తడుముకొనక చెప్పును. గ్రామపు టుమ్మడి మేతభూమియగు బంచరాయి వెల యెంత యని యడిగిన నవ్వును. ఆ నవ్వులోనే మన నష్టము దాగియున్నది.

లెక్క చూతము. గొల్లకురుమలు పగలు బంచరాయిలో మేపిన మందను రాత్రి రైతు పొలమున నిలుపుదురు. అందులకు రైతు ధాన్యమో నగదో యిచ్చును. గొర్రెకు రాత్రికి ఎండుపెంట పావుకిలో యనుకొన్నను వేయి గొర్రెలకు 250 కిలోలు. అందు నత్రజని నూటికి రమారమి 3 పాళ్లు. ఈ లెక్కన మూడు రాత్రుల మంద, 45 కిలోల యూరియా బస్తాకు సాటి. యూరియా నత్రజని నొక్కదానినే యిచ్చును. పెంట భాస్వరమును, పొటాషును, చల్కనేలకు తేమ నిలుపు సేంద్రియ పదార్థమును గూడ నిచ్చును. పసుపు పండించు కోరుట్ల రైతునకు ఇది వేరుగ చెప్ప నక్కరలేదు.

కాని యీ సారము బంచరాయిది. అచట మేసి యిచట పెంటవేయు మంద ప్రతిదినము ఆ నేల బలమును మన పొలమునకు తరలించుచున్నది. తిరిగి చేర్చువారు లేరు. గడ్డి గింజపట్టకమునుపే మేయబడును, వేరు చచ్చును, నేల గట్టిపడును, వాన యింకక పారిపోవును. వడ్డీతో తృప్తిపడక అసలును తినుట యిదియే.

1978లో భూస్వాముల యధీనమందలి బంజర్లకై పేదరైతులు కదలగా, జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడెను. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు గ్రామపు టుమ్మడి భూముల యాక్రమణలను తొలగింపుడని రాష్ట్రముల నాదేశించెను. 2017లో తెలంగాణ ప్రభుత్వము 20 గొర్రెలు, 1 పొట్టేలు గల యూనిట్లను నూటికి 75 వంతుల రాయితీపై పంచ నారంభించెను. గొర్రెకు ధర కట్టితిమి. అది మేయు నేలకు కట్టలేదు.

చికిత్స ఖరీదైనది గాదు. బంచరాయిని మూడు పాళ్లుచేసి, ఏటేట నొక పాలును మృగశిర మొదలు దసరావరకు మేపక విడువవలెను. స్టైలో వంటి పప్పుజాతి పశుగ్రాసపు విత్తనము చల్లవలెను. వాలున కడ్డముగ కందకములు తీయవలెను. ఆ నాలుగు నెలలు మంద కేది మేత? యెరువు ననుభవించు పట్టాదారులే మొక్కజొన్న చొప్పను దాచి యియ్యవలెను. నష్టమంతయు గొల్లవానిపై నెట్టిన కట్టుబాటు ఒక వానకాలమైనను నిలువదు.

ఎకరము బంచరాయిని దున్నుకొన్నవాడు భూమి సంపాదించితి ననుకొనును. ఊరి పొలములకెల్ల వచ్చు నెరువును, అందు తనదానిని గూడ, త్రెంచుకొంటినని యెరుగడు. ఈ వెల తెలిసిన పెద్దరైతులే ముందుగా గెట్టు వెనుకకు జరుపవలెను.