మలబద్ధకం మందుకూ కిడ్నీ పరీక్ష కావాలి

బీపీ పెరిగి గుర్రపువాతం వచ్చే ప్రమాదమున్న గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ సూది వేస్తారు. తర్వాతి డోసుకు ముందు నర్సు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తట్టి చూస్తుంది. కాలు ఎగరాలి. శ్వాస నిమిషానికి 16కు తగ్గకూడదు, మూత్రం నాలుగు గంటల్లో కనీసం 100 మిల్లీలీటర్లు రావాలి. ఏది తప్పినా సూది ఆపేస్తారు. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే ఉంచుకుంటారు.

అదే మెగ్నీషియం మలబద్ధకం సీసాలో ఇంటికొస్తే ఎవరూ ఏమీ చూడరు.

మిల్క్ ఆఫ్ మెగ్నీషియా 5 మిల్లీలీటర్లలో సాధారణంగా 400 మిల్లీగ్రాముల మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. 30 మిల్లీలీటర్లు తాగితే అందులో అసలు మెగ్నీషియం దాదాపు ఒక గ్రాము. పెద్దవాళ్లకు ఆహారం ద్వారా రోజుకు కావలసిందేమో 310 నుంచి 420 మిల్లీగ్రాములే. తాగినదాంట్లో ఎక్కువ భాగం పేగులోనే ఉండి, నీటిని లాక్కుని విరేచనం చేయిస్తుంది. రక్తంలోకి చేరిన కాస్తా కిడ్నీలు మూత్రంలో పంపేస్తాయి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో ఆ కాస్తే రోజురోజుకూ పేరుకుంటుంది. పేగు మొరాయిస్తే మందు లోపలే నిలిచి ఇంకా ఎక్కువ ఇంకుతుంది. విరేచనం కాలేదని మరో మూత పోస్తే ముప్పు ముదురుతుంది.

జపాన్‌లో మెగ్నీషియం ఆక్సైడ్ చాలామంది వాడే మలబద్ధకం మందు. 2005 ఏప్రిల్ నుంచి 2008 ఆగస్టు వరకు అక్కడ రక్తంలో మెగ్నీషియం ప్రమాదకరంగా పెరిగిన కేసులు 15 నమోదయ్యాయి, ఇద్దరు చనిపోయారు. ప్రభుత్వం హెచ్చరిక జారీ చేసింది. 2015లో ఆ హెచ్చరికను ఇంకా కఠినం చేసింది: కిడ్నీలు బాగున్నా సరే, వృద్ధుల విషయంలో జాగ్రత్త తప్పదని.

కిడ్నీ రోగికే మలబద్ధకం ఎక్కువ, అదే బాధాకరం. నీళ్లు కొలిచి తాగాలి, పళ్లూ కూరలూ తగ్గించాలి, ఫాస్ఫేట్ తగ్గించే మాత్రలు మలాన్ని గట్టిపరుస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బుల ప్రాంతంలో మందుల షాపులో అడగ్గానే ఈ సీసా చేతికివ్వడం ఎంతమాత్రం తగదు. గ్యాస్ కోసం తాగే చాలా సిరప్‌లలోనూ మెగ్నీషియం ఉంటుంది.

రక్తంలో మెగ్నీషియం పెరిగినప్పుడు మొదటి లక్షణాలు మోసం చేస్తాయి. వికారం, మొహం ఎర్రబడటం, మగత, కాళ్లూ చేతులూ సడలిపోవడం. "పెద్దవయసు, నీరసం" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. ఆ తర్వాత బీపీ పడిపోతుంది, నాడి నెమ్మదిస్తుంది, చివరికి ఊపిరి ఆడదు. సకాలంలో ఆస్పత్రికి చేర్చి రక్తంలో మెగ్నీషియం చూస్తే మాత్రం చికిత్స ఉంది: మందు ఆపడం, నరానికి కాల్షియం ఎక్కించడం, అవసరమైతే డయాలిసిస్. మలబద్ధకానికైతే డాక్టరు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూసి చాలామందిని లాక్టులోజ్ అనే మందుకు మారుస్తారు. ఇసబ్గోల్ కూడా సొంతంగా మొదలుపెట్టకూడదు, దానికి కావలసినన్ని నీళ్లు డయాలిసిస్ రోగి తాగలేడు.