జీపును రెండంగుళాలు లేపాలంటే...

వానాకాలం రేగడి డొంకల్లో తిరిగే జీపులకు ఒక జబ్బు ఉంది. చక్రాలు గాడిలో దిగుతాయి, గాడి మధ్య గట్టి మట్టికి బండి కడుపు ఆనుకుంటుంది. ఇక ఎంత యాక్సిలరేటర్ తొక్కినా చక్రం తిరగడమే తప్ప బండి కదలదు. దీనికి మందు అని చాలామంది కమాన్లు లేపించి జీపు ఎత్తు పెంచుతున్నారు. పని పెద్దది కాదు గానీ, తెలిసి చేయించకపోతే బ్రేకు దగ్గర, స్టీరింగు దగ్గర ప్రాణం మీదకు వస్తుంది.

రైతు సోదరులు ముందుగా ఒక సంగతి గమనించాలి. కమాను లేపితే పైకి లేచేది ఛాసిస్, దానిమీది బాడీ మాత్రమే. రెండు చక్రాల నడుమ ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్, అదే ఆక్సిల్ మధ్య గుండు, ఒక్క నూలు కూడా లేవదు. అది లేవాలంటే టైరే పెద్దది కావాలి. 6.00-16 టైరు తీసి 7.00-16 వేస్తే టైరు మొత్తం ఎత్తు సుమారు రెండంగుళాలు పెరుగుతుంది, అందులో సగం, అంటే అంగుళమే గుండుకు దక్కుతుంది. మీ జీపు ఆగేది కడుపు తగిలా, గుండు తగిలా అన్నది ఇరుక్కున్న రోజున కిందికి వంగి చూసుకోవాలి. గుండు తగిలే బండికి కమాన్ల మీద పెట్టిన డబ్బు దండగే.

కుంగిందా, పుట్టుకతోనే అంతేనా?

పాత జీపుల్లో చాలావాటికి కావలసింది లిఫ్టు కాదు, పోయిన ఎత్తు తిరిగి రావడం. పది బస్తాల ధాన్యమంటే 750 కిలోలు. ఏళ్ల తరబడి ఆ బరువు మోసిన కమాను వంపు పోయి చదునైపోతుంది. చదునైన నేల మీద ఖాళీ బండిని నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో నాలుగు వైపులా కొలవండి. కుడి ఎడమలకు అర అంగుళం పైన తేడా వస్తే కమాను కుంగినట్టో, పట్టీ విరిగినట్టో అనుమానించాలి. విరిగిన పట్టీ కట్ట మధ్యలో ఉంటే పైకి కనబడదు, మట్టి కడిగి చూడాలి.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కమాను పనివాళ్లు కట్ట విప్పి, పట్టీలకు చల్లగా ఉండగానే సుత్తితో వంపు తిరిగి పెడతారు. కొలిమిలో ఎర్రగా కాల్చి వంచేవాళ్ల దగ్గర జాగ్రత్త. కాల్చిన పట్టీకి మళ్లీ సరిగా పదును పెట్టకపోతే స్ప్రింగు గుణం పోయి కొద్ది నెలల్లోనే కుంగుతుంది, లేదా ఒకరోజు ఠప్పున విరుగుతుంది.

ఎత్తు పెంచే దారులు

కట్టలో ఒక పట్టీ అదనంగా వేయించడం అందరూ చేసేది. అంగుళం, అంగుళంన్నర లేస్తుంది. బండి మాత్రం గట్టిపడుతుంది, ఖాళీగా పోతే నడుము విరుగుతుంది. పట్టీ పెరిగింది కదా అని బస్తాలు పెంచకూడదు. ఆక్సిల్, బ్రేకులు, ఛాసిస్ పాతవే. అసలు కంపెనీ ఎత్తుకన్నా ఎక్కువ వంపుతో చేసిన కొత్త కట్టలు నాలుగూ వేయించడం ఖర్చయినా మంచి పద్ధతి.

పొడుగు షాకిళ్లు చవక. కమాను ఒక కొస మాత్రమే దిగుతుంది కనుక షాకిల్ రెండంగుళాలు పొడుగైతే బండి లేచేది అంగుళమే. పైగా ఆక్సిల్ కొంచెం తిరుగుతుంది. ముందు వైపున ఇలా జరిగితే మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను వెనక్కి రాకపోవచ్చు, రోడ్డు మీద బండి అటూ ఇటూ లాగుతుంది. అప్పుడు కమానుకూ ఆక్సిల్‌కూ మధ్య ఏటవాలు ఉక్కు ముక్క పెట్టి సరిచేయాలి.

దిమ్మలు పెట్టే వాళ్లూ ఉన్నారు. చాలా పాత జీపుల్లో కమాను ఆక్సిల్ కిందే ఉంటుంది. అలాంటి బండికి దిమ్మ పెడితే లేవదు సరికదా ఇంకా కిందికి దిగుతుంది! కమాను ఆక్సిల్ పైన ఉన్న బండికైనా ముందు చక్రాల దగ్గర దిమ్మ పెట్టనే కూడదు. బ్రేకు వేసినప్పుడు దాని మీద పడే మెలి ఎక్కువ. చెక్క దిమ్మ ఎక్కడా పనికిరాదు.

విప్పే ముందు రోజే యూ బోల్టులకు డీజిలు పోసి నాననివ్వాలి. ఛాసిస్‌ను బలమైన స్టాండ్ల మీద నిలిపి, ఆక్సిల్ కింద వేరే జాకీ పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి బండి కింద దూరవద్దు. షాక్ అబ్జార్బరు కింది బోల్టు, తర్వాత యూ బోల్టులు, చివర షాకిల్ బోల్టులు విప్పుతారు. బిగించేటప్పుడు సెంటర్ బోల్టు తల ఆక్సిల్ గుంటలో సరిగ్గా కూర్చోవాలి, లేకపోతే ఆక్సిల్ వంకర పోతుంది. పాత యూ బోల్టులు మళ్లీ వాడవద్దు. ఒకసారి సాగిన బోల్టు మళ్లీ పట్టు నిలపదు. రబ్బరు బుష్‌లున్న బండికి షాకిల్ బోల్టుల ఆఖరి బిగింపు చక్రాలు నేలకు ఆని, బరువు పడ్డాకే.

అన్నిటికన్నా ముఖ్యం బ్రేకు గొట్టం. ఛాసిస్‌ను మళ్లీ లేపి ఆక్సిల్‌ను పూర్తిగా వేలాడనిచ్చి చూడండి. రబ్బరు గొట్టం బిగుసుకుంటే పొడుగుది వేయించాకే బండి కదలాలి. షాక్ అబ్జార్బరు చివరిదాకా సాగి ఆక్సిల్‌ను అదే ఆపుతున్నా పొడుగుది కావాలి. జీపు పొట్టిది కనుక వెనక ప్రొపెల్లర్ షాఫ్టు కూడా పొట్టిది, రెండంగుళాలకే దాని వాలు బాగా పెరుగుతుంది. వేగంలో కింది నుంచి వణుకు వస్తే జాయింటు క్రాసు తినేస్తోందని అర్థం. రెండంగుళాలు మించి పోవద్దనడానికి ఇదొక కారణం. మరొకటి, కాలువ కట్ట మీద బస్తాలు పేర్చుకుని వాలుగా పోయేటప్పుడు ఎత్తు పెరిగిన బండి తొందరగా పల్టీ కొడుతుంది.

కాగితాల మాట

కుంగిన కమాను బాగుచేయించడం మరమ్మతు. కంపెనీ ఎత్తును మించి లేపడం మార్పు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. పదిహేనేళ్లు దాటిన సొంత బండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు తనిఖీ తప్పదు. కనుక పని మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ రాతపూర్వకంగా అడగాలి. చెప్పకుండా చేయించిన మార్పును చూపి బీమా వాళ్లు క్లెయిము కొట్టేసే అవకాశం ఉంది.

పని అయ్యాక టో అలైన్‌మెంట్ చూపించి, లైట్లు కిందికి దింపించుకోవాలి. లేకపోతే రాత్రి ఎదురొచ్చే వాడి కళ్లలో కొడతాయి. వంద కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మూలమూలకు మార్చి మార్చి మళ్లీ బిగించాలి. ఐదొందలకు మరోసారి. కొత్త పట్టీలు సర్దుకుని మొదటి నెలలో పావు అంగుళం దాకా దిగడం మామూలే.