పాడిగేదె కొనుగోలు ప్రయాణము: సంచిలో ఏమి, ఫోనులో ఏమి?

వ్యవసాయాధికారి, బి.యస్సి. అగ్రికల్చరు

ముర్రా గేదెల కొరకు మన పాడిరైతులు హర్యానాకు పోయివచ్చుట ఎన్నో ఏండ్లుగా జరుగుచున్నదే. రోహ్‌తక్, జింద్, హిస్సార్, భివానీ, ఝజ్జర్ జిల్లాలు ఈ జాతికి పుట్టినిల్లు. నిగనిగలాడు నల్లని మేను, చిన్న తల, చుట్టలు చుట్టుకొనిన పొట్టి కొమ్ములు గల గేదెను చూచి ముచ్చటపడని రైతు ఉండడు. అయితే ఒక్క మంచి గేదె ధర నేడు లక్ష రూపాయలు దాటుచున్నది. రెండు గేదెలు కొనదలచిన చిన్న రైతు ఇంచుమించు తన ఏడాది రాబడినంతయు తీసికొని, భాష రాని ప్రదేశమునకు, ఒక పగలు ఒక రాత్రికి పైబడిన రైలు ప్రయాణము చేయవలసియున్నది.

ఇంతటి పనికి పోవువారు గేదె లక్షణములను గురించి పదిమందిని అడుగుదురు. ప్రయాణమును గురించి మాత్రము ఎవరిని అడుగరు. టిక్కెట్టు దొరికిన రోజున బయలుదేరి, తిరుగు టిక్కెట్టు ఉన్న రోజుకు బేరము ముగింతురు. నష్టము ఇక్కడనే మొదలగుచున్నది. తిరుగుబండికి తొందరపడు రైతు ఎదుట అమ్మువానిదే పైచేయి. ఓపికతో రెండు రాత్రులు ఆ ఊరిలోనే నిలువగల రైతుకు గేదె తన నిజమైన పాలు చూపును. కావున సంచి సర్దుకొనుట, ఫోను సిద్ధపరచుకొనుట బేరములో నిలువగల బలము నిచ్చు పనులని రైతు సోదరులు గ్రహింపవలెను.

రెండు రాత్రులు ఎందుకు?

అమ్మకమునకు పెట్టిన గేదెను ఒక పూట పితుకకుండ నిలిపియుంచుట కొందరు బేరగాండ్రకు తెలిసిన పాత యుక్తి. అట్లు చేసిన పొదుగు నిండి బిగువుగా కనబడును. మరుసటి పూట పితికిన పాలు 10 కిలోలు తూగవచ్చును. రోజుకు 20 కిలోల గేదె అని రైతు సంతోషించి సొమ్ము చెల్లించును. ఇంటికి తెచ్చిన పిమ్మట పాలు అందులో సగమైనను ఉండవు.

దీనికి విరుగుడు ఒక్కటే. మొదటి పూట పాలను మన ఎదుటనే పూర్తిగా పితికించి, వానిని లెక్కలోనికి తీసికొనరాదు. ఆ తరువాత వరుసగా మూడు పూటలు, పూటకు పూటకు 12 గంటల ఎడముండునట్లు, దగ్గర నిలబడి పితికించి తూచవలెను. ఈ పూటలలో గేదెకు పాలు చేపుటకై సూదిమందు వేయకుండ కనిపెట్టుకొని యుండవలెను.

ఉదాహరణకు, సాయంత్రము 6 గంటలకు పొదుగు ఖాళీ చేయించితిమనుకొందము. మరునాటి ఉదయము 5.5 కిలోలు, సాయంత్రము 4.5 కిలోలు, మూడవనాటి ఉదయము 5 కిలోలు వచ్చినవి. మొత్తము 15 కిలోలు. అనగా పూటకు 5, రోజుకు 10 కిలోలు. బేరము ఈ 10 కిలోల గేదెకే చేయవలెను. ఇట్లు చూచుటకు రెండు రాత్రులు తప్పవు. ఒక గేదె నచ్చకపోయిన మరొకదానిని చూచుటకు ఇంకను రెండు రోజులు చేతిలో ఉండవలెను. తిరుగు టిక్కెట్టును ఈ లెక్కను బట్టియే తీసికొనవలెను. తేదీ మార్చుకొనవలసి వచ్చిన కొంత రుసుము పోవును. కంగారులో కొనిన గేదెవలన పోవునది దానికి ఎన్నో రెట్లు.

బయలుదేరుటకు ముందు

ముర్రా గేదెలు ఎక్కువగా వానకాలము మొదలు చలికాలము వరకు ఈనును. అప్పుడే ఈనిన గేదెలు విరివిగా చూడదొరకును. కాని డిసెంబరు, జనవరి నెలలలో ఉత్తరాదిన దట్టమైన పొగమంచు వలన బండ్లు గంటల తరబడి ఆలస్యమగును. కావున వీలున్నంతవరకు దానికి ముందుగానే పోయివచ్చుట మేలు.

రైలు టిక్కెట్లను 2024 నవంబరు 1 నుండి 60 రోజుల ముందుగా మాత్రమే తీసికొనుటకు వీలగుచున్నది. హైదరాబాదు నుండి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, తిరుపతి, విజయవాడ, వరంగల్లు మీదుగా కేరళ ఎక్స్‌ప్రెస్ ఢిల్లీకి పోవును. ఢిల్లీ నుండి రోహ్‌తక్ సుమారు 70 కిలోమీటర్లు. ఒంటరిగా పోవుటకంటె ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి పోవుట మంచిది. ఒకరు గేదె దగ్గర ఉన్నప్పుడు మరొకరు లారీ, డాక్టరు పనులు చూచుకొనవచ్చును.

ఫోనులో ఉండవలసినవి

ఆధారు కార్డును ప్రభుత్వపు డిజీలాకరులో ఉంచుకొనినచో రైలులో గుర్తింపుగా చెల్లును. అయినను ఫోను పడిపోవచ్చును, ఛార్జింగు అయిపోవచ్చును. కావున ఆధారు, బ్యాంకు పుస్తకము మొదటి పుట, టిక్కెట్టు కాగితపు నకళ్లు రెండేసి తీసి, ఒకటి సంచిలోను, ఒకటి తోడివాని దగ్గరను ఉంచవలెను. ముఖ్యమైన ఫోను నంబర్లను కూడ ఒక కాగితముపై వ్రాసికొనవలెను. బండి ఎక్కడ ఉన్నది 139 నంబరుకు ఫోను చేసి తెలిసికొనవచ్చును.

భాష విషయములో భయపడనక్కరలేదు. అనువాదము చేయు యాప్‌లలో తెలుగు, హిందీ భాషలను ఇంటివద్దనే దింపుకొనిన, సిగ్నలు లేనిచోట కూడ వ్రాసిన మాటలకు అనువాదము దొరకును. అయినను పశువుల కొట్టములో అక్కరకు వచ్చు నాలుగు మాటలు నోటికి రావలెను. భైంస్ అనగా గేదె, దూధ్ అనగా పాలు, థన్ అనగా చన్ను, బ్యాంత్ అనగా ఈత, కట్డీ అనగా పెయ్యదూడ, కట్డా అనగా దున్నదూడ. “దూస్రా బ్యాంత్” అనిన రెండవ ఈత అని అర్థము. రెండవ, మూడవ ఈతలలో ఉన్న గేదెను ఎంచుకొనుట శ్రేయస్కరము.

గేదె చెవికి 12 అంకెల పోగు ఉన్నదేమో చూడవలెను. గేదెను ముందునుండి, ప్రక్కనుండి, పొదుగు వైపునుండి ఫోటోలు తీసి, పోగు నంబరు స్పష్టముగా కనబడునట్లు మరొక ఫోటో తీయవలెను. పోగు లేనిచో, వేయించిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను. బేరమాడిన గేదె ఒకటి, లారీ ఎక్కిన గేదె మరొకటి కాకుండ కాపాడునది ఈ ఫోటోయే.

సొమ్ము విషయము

నడుముకు నోట్లకట్టలు కట్టుకొని రైలెక్కు అవసరము నేడు లేదు. దారి ఖర్చులకు సరిపడు నగదు మాత్రము ఉంచుకొని, మిగిలినది బ్యాంకులోనే ఉంచవలెను. యూపీఐ ద్వారా సాధారణముగా రోజుకు లక్ష రూపాయల వరకే పంపవీలగును. అంతకు మించిన సొమ్మును నెఫ్ట్ ద్వారా పంపవచ్చును. ఈ సదుపాయము 2019 డిసెంబరు నుండి సెలవుదినములలో కూడ, రాత్రింబవళ్లు పనిచేయుచున్నది. క్రొత్తగా చేర్చిన ఖాతాకు మొదటిరోజున పెద్ద మొత్తము పంపుటకు బ్యాంకులు పరిమితి విధించును గనుక, ఆ నియమములను బయలుదేరుటకు ముందే బ్యాంకులో అడిగి తెలిసికొనవలెను.

మొదట ఒక్క రూపాయి పంపి, ఖాతాదారుని పేరు సరిచూచుకొని, తరువాత బయానా ఇవ్వవలెను. మిగిలిన సొమ్ము మూడు పూటల పాలు చూచి, పోగు నంబరు సరిచూచి, గేదె లారీ ఎక్కునపుడు చెల్లింపవలెను. సొమ్ము పుచ్చుకొనుటకు రహస్య సంఖ్య నొక్కవలసిన పని ఎన్నడును లేదు. అట్లు నొక్కుమని అడుగువాడు మోసగాడని తెలిసికొనవలెను.

సంచి సర్దుకొను విధము

భుజమునకు తగిలించుకొను సంచి ఒకటి, పనిముట్ల చిన్నసంచి ఒకటి చాలును. రెండును కలిపి 8 కిలోలు మించరాదు. పల్లెలలో గేదెలను చూచుచు తిరుగునపుడు బరువు సంచిని ఎక్కడో వదలిపోవలసి వచ్చును. అప్పుడు మనసంతయు సంచి మీదనే ఉండును.

పనిముట్ల సంచిలో ఉంచవలసినవి:

1. కొక్కెముతో వ్రేలాడదీసి తూచు చిన్న డిజిటల్ కాటా. పాలను అమ్మువాని కొలపాత్రతో గాక మన కాటాతో తూచవలెను. ముందుగా ఖాళీ బక్కెట్టును తూచి ఆ బరువును తీసివేయవలెను. పాల మీది నురుగు కొలపాత్రను మోసగించును గాని కాటాను మోసగింపజాలదు.
2. పొదుగువాపును కనుగొను పరీక్షా ద్రావణము, నాలుగు గుంటల పళ్లెము. నాలుగు చన్నుల పాలను వేరువేరుగా పరీక్షింపవలెను.
3. టార్చిలైటు. తెల్లవారుజాము పితుకుటకు ఇది తప్పనిసరి.
4. నోటుపుస్తకము, రెండు పెన్సిళ్లు. ప్రతి పూట పాలు అప్పటికప్పుడే వ్రాయవలెను.
5. పవరుబ్యాంకు, ఛార్జరు. రైలులో రాత్రి 11 గంటల నుండి ఉదయము 5 గంటల వరకు ప్లగ్గులలో కరెంటు నిలిపివేయుదురు.

బట్టల సంచిలో మూడు జతలకంటె ఎక్కువ అవసరము లేదు. వానిని మడతపెట్టుటకంటె చుట్టలుగా చుట్టిన చోటు కలిసివచ్చును. చలికాలమైనచో ఉన్ని చొక్కా, చెవులకు కప్పు, దుప్పటి మరువరాదు. అక్కడ రాత్రివేళ చలి 5 డిగ్రీలకు కూడ దిగును. రక్తపుపోటు, చక్కెర వ్యాధి గలవారు అనుకొన్న రోజులకు రెట్టింపు రోజుల మందులను, డాక్టరు చీటీతో సహా, చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. మొదట కావలసినది పైన, చివర కావలసినది అడుగున ఉండునట్లు సర్దవలెను.

గేదెల తిరుగు ప్రయాణము

మన ఊళ్లకు చాలావరకు 1,500 కిలోమీటర్లకు పైబడిన దారి. 1978 నాటి పశువుల రవాణా నియమముల ప్రకారము పశువైద్యుని ధ్రువపత్రము లేనిదే గేదెలను తరలింపరాదు. సరుకు లారీలో పెద్ద పశువులు ఆరింటికి మించరాదు. కాళ్లు జారకుండ నేలపై కొబ్బరిపీచు చాపలు పరచవలెను. పశువులతోపాటు ఒక మనిషి ఉండవలెను. లారీలో వేరే సరుకు వేయరాదు. ధ్రువపత్రము ఫోటోను ఇంటికి పంపి, అసలును లారీలో ఉంచవలెను. లారీతో వచ్చు మనిషి తానున్న చోటును ఫోనులో ఎప్పటికప్పుడు ఇంటివారికి తెలుపుచుండవలెను. వాట్సాపులో ఈ సదుపాయము ఒక్కసారికి 8 గంటలు మాత్రమే నడచును గనుక మరల మరల పంపవలెను.

ఊరు చేరిన పిమ్మట

పది కొట్టములు తిరిగివచ్చిన చెప్పులతోను, బట్టలతోను మన పశువుల పాకలోనికి పోరాదు. గాలికుంటు వ్యాధి వీనిని అంటిపెట్టుకొని రాగలదు. లీటరు నీటికి 40 గ్రాముల చాకలిసోడా కలిపి చెప్పులను కడుగవలెను. బట్టలను ఉడుకునీటిలో ఉతుకవలెను. క్రొత్త గేదెలను 30 రోజులు వేరుగా ఉంచి, పశువైద్యునికి చూపించిన పిమ్మటనే మందలో కలుపవలెను.

గ్రామాధికారులకు మనవి

గేదెల కొనుగోలుకు పోవు రైతులను ఒకచోట కూర్చి, పశువైద్యునితో ఒక పూట మాట్లాడించుట గ్రామాధికారులు సులభముగా చేయగల మేలు. కాటా, పొదుగువాపు పరీక్ష సామగ్రి పంచాయతీలో గాని, పాల సంఘములో గాని ఒక్కొక్కటి కొనియుంచిన, పోవువారందరు మార్చి మార్చి వాడుకొనవచ్చును. చదువు తక్కువగా ఉన్న రైతుల ఫోనులలో అనువాదము, డిజీలాకరు సిద్ధపరచి, వారిచేత రెండుమూడు సార్లు వాడించి పంపుటకు చదువుకొనిన యువకులను పురమాయింపవలెను.

ఈ సామగ్రికి అగు ఖర్చు గేదె ధరలో స్వల్పభాగము. ప్రయాణమునకు ముందు ఒక్క పూట కూర్చుండి వీనిని సమకూర్చుకొనిన రైతు ఆ ఊరిలో తొందరపడడు, మూడు పూటల పాలు చూడనిదే సొమ్ము చెల్లింపడు. అప్పులేని పాడికి అదియే మొదటిమెట్టు.