విమానమెక్కిన మామిడిపండు

కాశిబుగ్గ మీదుగా ఏనుమాముల మార్కెట్టుకు పోయే దారిలో కాపురమున్నవారికి ఋతువులు తెలుసుకొనటానికి పంచాంగం అక్కరలేదు. మాఘ ఫాల్గుణాలలో మిరప బస్తాల లారీలు వెళుతుంటే వీధి వీధంతా తుమ్ముతుంది. ఆ ఘాటు తగ్గేసరికి తోపుడుబండ్ల మీద మామిడిపండ్లు ప్రత్యక్షమవుతాయి. ఈ రెండు పంటలూ విదేశాలకు పోతున్నవే. కాని ఎండుమిరప ఓడ ఎక్కి తీరికగా పోతుంది. మామిడిపండులో చాలా భాగం విమానమెక్కి పరుగెత్తవలసి వస్తున్నది. ఈ భేదం ఎందుకో గత వేసవిలో మా పొరుగింటి పెద్దమ్మ వేసిన ప్రశ్న వలన నేను కొంచెం లోతుగా ఆలోచించాను.

దుబాయిలో ఉద్యోగం చేస్తున్న కొడుకుకు ఆమె ఒక పెట్టె మామిడిపండ్లు పంపింది. మధ్యాహ్నపు ఎండలో కొని తెచ్చిన పండ్లను, వాటి వేడి తగ్గకముందే పాలిథీన్ సంచిలో పోసి, మూతి బిగించి, అట్టపెట్టెలో పెట్టి, ప్రయాణమవుతున్న బంధువు చేతికిచ్చింది. అక్కడ పెట్టె విప్పితే పులిసిన కల్లు వాసన కొట్టిందట. “పొద్దుగాల ఎక్కి పగటాళ్లకు దిగే ఇమానంలనే గిట్ల ఖరాబైతే, నెలలకొద్ది ఓడల పోయేటియి ఎట్ల ఆగుతయి సారూ?” అని అడిగింది. ప్రశ్న చిన్నదే కాని, ఆహారపదార్థాల రవాణా శాస్త్రమంతా అందులోనే ఉన్నది.

కోసిన పండు చచ్చిన వస్తువు కాదు. చెట్టు నుండి విడిపోయిన తరువాత కూడా అది శ్వాసిస్తూనే ఉంటుంది. గాలిలోని ప్రాణవాయువును పీల్చి, తనలోని చక్కెరలను కొద్దికొద్దిగా దహించుకొని, బొగ్గుపులుసు వాయువునూ నీటి ఆవిరినీ వేడినీ విడుస్తుంది. చెట్టున్నంతకాలం ఈ ఖర్చుకు తగిన జమ ఉండేది. ఇప్పుడు ఖర్చే గాని జమ లేదు. ఇరవై డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఒక టన్ను మామిడిపండ్లు రోజుకు నాలుగు వేల కిలోకాలరీలకు తక్కువ కాని వేడిని పుట్టిస్తాయి. ఆ వేడి బయటకు పోయే దారి లేకపోతే, బయటి ఎండతో పని లేకుండానే పండ్లు రోజుకు నాలుగైదు డిగ్రీలు వేడెక్కుతాయి. వేడెక్కిన కొద్దీ శ్వాస హెచ్చుతుంది. పది డిగ్రీలు పెరిగితే దాని వేగం రెండింతలో మూడింతలో అవుతుంది. శ్వాస హెచ్చితే మళ్ళీ వేడి. వడ్డీ మీద వడ్డీ వంటిది ఇది.

పెద్దమ్మ సంచిలో ఇంకొక అనర్థం కూడా జరిగింది. మూతి బిగించటం వలన సంచిలోని ప్రాణవాయువు త్వరలోనే తరిగిపోయింది. ప్రాణవాయువు లేనప్పుడు పండులోని కణాలు చక్కెరను పూర్తిగా దహించలేక, దానిని సారాయిగా మార్చుతాయి. కల్లు వాసన అక్కడిదే. గాలి తగలకుండా కాపాడాలని ఆమె చేసిన పనే పండుకు ఊపిరాడకుండా చేసింది. ఇంతకూ ఇంటి నుండి ఇంటికి లెక్కవేస్తే ఆ పెట్టె ప్రయాణం ముప్పై గంటలు. అందులో విమానం ఎగిరినది నాలుగు గంటలే!

ఇక్కడ నా విద్యార్థులు తరచు ఒక సందేహం లేవదీస్తారు. పదకొండు కిలోమీటర్ల ఎత్తున బయటి గాలి సున్నాకు యాభై డిగ్రీల దిగువన ఉంటుంది కదా, అంతటి చలిలో పోయే సరుకుకు వేరే చల్లదనం ఎందుకు? సరుకు ఉండేది రెక్కల మీద కాదు, విమానపు కడుపులో. ప్రయాణికుల గదిలో వలెనే అక్కడ కూడా గాలి ఒత్తిడిని కాపాడుతారు. ఉష్ణోగ్రత మరీ పడిపోకుండా చూస్తారు. అసలు అపాయం ఆకాశంలో కాదు, నేల మీద. గిడ్డంగి నుండి తీసిన పెట్టెలు విమానం దగ్గర లోపలికి ఎక్కించేదాకా వేచి ఉంటాయి. మే నెలలో మన ప్రాంతపు గాలే నలభై డిగ్రీలు దాటుతుంది. ఎండకు కాగిన కాంక్రీటు నేల అంతకన్న వేడి. అక్కడ రెండు గంటలు ఆలస్యమైతే అంతకుముందు పడిన శ్రమంతా వ్యర్థం. అందుచేతనే ఎగుమతిదారులు కోతను తెల్లవారుజామున చేయిస్తారు. తరువాత పండులోని తోటవేడిని ముందుగా తీసివేసి, చల్లని గది నుండి చల్లని లారీకి, దాని నుండి విమానాశ్రయపు చలువగదికి గొలుసు తెగకుండా సాగిస్తారు. 2008లో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయంలో ఇటువంటి చలువగదులున్నాయి.

చల్లదనమన్నాం గదా అని మామిడిని ఎంత చల్లగానైనా ఉంచరాదు. పన్నెండు పదమూడు డిగ్రీలకు దిగువన చాలా రోజులుంచితే దాని తొక్క మచ్చలు పడి నల్లబారుతుంది. తరువాత సరిగా పండదు. ఉష్ణదేశపు పండు గనుక మనవలెనే చలికి ఓర్వదు.

ఇక పెద్దమ్మ ప్రశ్నలోని ఓడ సంగతి. ఓడలో పోయేవి ఎండినవో, గడ్డకట్టినవో, లేక చల్లని గదిలో నిదానంగా శ్వాసిస్తూ వారాలకొద్దీ నిలవగలవో అయి ఉంటాయి. ఎండుమిరపలో నీరు నూటికి పదీ పదకొండు పాళ్ళే; కుళ్ళించే సూక్ష్మజీవులకు అది చాలదు. రొయ్యలను గడ్డకట్టించి సున్నాకు పద్దెనిమిది డిగ్రీల దిగువన ఉంచితే నెలలు గడిచినా చెడవు. 1882లో ‘డునెడిన్’ అనే తెరచాప ఓడ న్యూజీలాండు నుండి గడ్డకట్టిన మాంసంతో బయలుదేరి, 98 రోజులకు ఇంగ్లండు చేరింది. గడ్డకట్టిన సరుకుకు తొందర లేదు, చలి ఒక్కటే కావాలి. కాబట్టి దానిని అత్యవసరమైతే తప్ప విమానంలో పంపరు.

అట్లా పంపినప్పుడు పొడి మంచు వాడుతారు. గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువే పొడి మంచు. సున్నాకు 78 డిగ్రీల దిగువన ఉండే ఈ పదార్థం కరిగి నీరు కాదు, నేరుగా వాయువవుతుంది. పెట్టె తడవదు, అదొక సౌకర్యం. కాని ఒక కిలో పొడి మంచు నుండి సుమారు 540 లీటర్ల వాయువు పుడుతుంది. బిగించిన పెట్టె అయితే పగిలిపోతుంది. విమానంలో వాయువు పేరుకుంటే మనుషులకూ జంతువులకూ ఊపిరి కష్టమవుతుంది. అందుకే దీనిని ప్రమాదకర వస్తువుల జాబితాలో చేర్చి, పెట్టెకు వాయువు పోయే సందు ఉంచి, పైన బరువు రాయాలని నియమం పెట్టారు. ప్రయాణికుడైతే విమానసంస్థ అనుమతితో రెండున్నర కిలోలకు మించి తీసుకుపోరాదు.

విమానంలో కిరాయి కట్టేది బరువుకే అనుకుంటాం. చోటుకు కూడా కట్టాలి. సాధారణంగా 6,000 ఘనపు సెంటీమీటర్ల చోటును ఒక కిలోగా లెక్కిస్తారు. నలభై, ముప్పై, ఇరవై అయిదు సెంటీమీటర్ల కొలతలు గల పెట్టె ఐదు కిలోలకు సమానం. అందులో రెండు కిలోల కరివేపాకు పెట్టినా ఐదు కిలోల కిరాయే. మామిడిపండ్లు నింపితే అసలు బరువే ఎక్కువ గనుక ఆ బరువుకు కట్టాలి.

చల్లదనం, కిరాయి కుదిరినా మరొక గండం దాటాలి. పండుతోపాటు పండుఈగ గుడ్లు తమ దేశంలో దిగకూడదని కొనే దేశాల పట్టుదల. జపాను మన మామిడిని ఇరవై ఏళ్ళు రానీయక, 2006లో అనుమతించింది. ఆ రకాలలో మన బంగినపల్లి ఉన్నది. పండును ఆవిరివేడితో లోపలి గుజ్జు 47.5 డిగ్రీలకు చేరేదాకా వేడిచేసి, ఇరవై నిమిషాలు అట్లే ఉంచాలి. అమెరికా 2007 నుండి కనీసం 400 గ్రేల వికిరణం పొందిన పండునే తీసుకుంటున్నది. యూరపు దేశాల సమాఖ్య 2014 మేలో తలుపు మూసి, 2015 జనవరిలో తెరిచింది. 2025 మేలో వికిరణం పూర్తయి అమెరికా చేరిన 15 మామిడి సరుకులను అక్కడి విమానాశ్రయాలలో నిరాకరించారు. కారణం పండులో లోపం కాదు, పత్రాలలో లోపం. తిరిగి తెచ్చుకొనే కిరాయి పండు వెలను మించుతుంది గనుక వాటిని అక్కడే ధ్వంసం చేయవలసి వచ్చింది. పండు కాగితాల కోసం ఆగదు. ఎండుమిరప అయితే గిడ్డంగిలో ఆగేది.

నిజాం కాలంనాటి మా మామునూరు విమానాశ్రయం 1981లో మూతపడింది. దాని పునరుద్ధరణకు 2025 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం అనుమతినిచ్చింది. ఇక మన పండ్లు నేరుగా ఎగిరిపోతాయని కొందరు మిత్రులు సంబరపడుతున్నారు. ఎగిరే దారి ఒక్కటే చాలదు. పండును చల్లార్చే గదులు, పురుగును చంపే యంత్రాలు, అక్కడే పరీక్షించి సంతకం చేసే అధికారి, ఇవన్నీ ఊళ్ళోనే లేకపోతే మామునూరులో ఎక్కిన పెట్టె ఇంకెక్కడో దిగి వేచి ఉండక తప్పదు.

ఈ వేసవిలో పెద్దమ్మ మళ్ళీ పెట్టె కట్టింది. పొద్దున కోసిన దోరకాయలను తొడిమలతో తెప్పించి, నీడలో చల్లార్చి, ఒక్కొక్కటి కాగితంలో చుట్టి, అట్టపెట్టెకు నాలుగువైపులా చిల్లులు పెట్టించాను. పాలిథీన్ సంచి వద్దంటే మొదట ఒప్పుకోలేదు. పదహారింటిలో రెండు మాత్రం చెడిపోయాయట, అవి అడుగు వరుసలోవి.